తొండ గొంతు కింద ఎర్ర రేకు

ఒకప్పుడు అమెజాన్ అడవిలోని చిన్న తొండలు తలెత్తి గొంతు చూపించేవి కావు. గొంతు కింద పూరేకులాంటి ఎర్రటి చర్మపు రేకు ఉన్నా, మడిచి దాచుకునేవి. పెద్దల ముందు గడ్డం నేలకానించి నిలబడటం వాటి మర్యాద మరి!

ఆ అడవిలో ఇరాసి అనే తొండా, దాని తమ్ముడు తుయీ ఉండేవారు. వాళ్లకు అమ్మ లేదు. చీమను పట్టడం నుంచి ఆకు కింద దూరడం దాకా తుయికి అన్నీ అక్కే నేర్పింది. అక్క తోక మీద తల పెట్టుకుంటేగాని వాడికి నిద్రపట్టేది కాదు.

ఒక ఏడు నది పొంగింది. "అందరూ ఒక్కచోటికే ఎగబడితే అందరం మునుగుతాం. ఏ జాతివాళ్లు ఎక్కడికి పోవాలో నేను చెబుతా," అన్నాడు తాబేలు తాత. వీపు రంగు చూసి జాతి తేల్చడం ఆయన పద్ధతి. పచ్చనివాళ్లు చెట్టు మీదికి, గోధుమరంగువాళ్లు ఎత్తుగడ్డ మీదికి.

ఇరాసి వచ్చి గడ్డం నేలకానించింది. వీపు లేతాకులా పచ్చగా ఉంది.

"నువ్వు చెట్టెక్కు," అన్నాడు తాత.

వెనకే తుయి వచ్చాడు. నీళ్ల హోరుకి పాపం హడలిపోయి ఉన్నాడు. భయమేస్తే ఆ తొండల వీపు ఎండాకు రంగుకి తిరుగుతుంది.

"నువ్వు గడ్డ మీదికి పో."

"తాతా, అది మా అక్క!"

"ఆ పచ్చదానికీ నీకూ పొంతనెక్కడరా? పెద్దవాళ్లకు ఎదురుచెప్పకు."

"భయానికి రంగు మారింది తాతా, కాసేపు ఆగి చూడండి," అని ఇరాసి బతిమాలింది. తాత వినలేదు. వింటే ఆయన సొమ్మేం పోయేది? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

గడ్డకీ చెట్టుకీ మధ్య నీళ్లు నిండిపోయాయి. గడ్డ మీద తుయి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఇరాసి ఎంత పిలిచినా ఆ హోరులో వాడికి వినపడలేదు. తను బతికే ఉన్నానని వాడికెలా తెలియాలి? మర్యాద పక్కనపెట్టి కొమ్మ చివరికి వచ్చింది. తలెత్తి, గొంతు కింది రేకు పూర్తిగా విప్పింది.

తుయి చూశాడు. వాడూ తల ఎగరేసి తన బుల్లి రేకు విప్పాడు. రెండూ ఒకే ఎరుపు.

"అయ్యో, ఒకే జాతి! వీపు చూశాను గాని గొంతు చూడలేదే," అని గడ్డ మీదున్న తాబేలు తాత లబోదిబోమన్నాడు. "ఉండవే తల్లీ, వీణ్ణి వీపు మీద ఎక్కించుకుని తెస్తున్నా!"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తమ్ముడి ఏడుపు ఆగేదాకా ఇరాసి రేకు మూయలేదు. ఆ ఎరుపు తమ్ముడికే కాదు, పైన తిరుగుతున్న డేగకీ కనిపించింది.

తాత ఈదుకుంటూ చేరేసరికి కొమ్మ ఖాళీగా ఊగుతోంది.

"అక్క ఏ చెట్టుకి పోయింది తాతా?" అన్నాడు తుయి.

తాత తల చిప్పలోకి లాక్కున్నాడు.

ఇప్పుడు ఆ తొండల జాతి తేల్చడానికి అడవికి వెళ్లే మనుషులు వీపు రంగును నమ్మరు. గొంతు కింద రేకు విప్పేదాకా కదలకుండా కూర్చుంటారు. అది ఎక్కువసేపు కనపడదు. ఆ వరద నాటినుంచే ఆ జాతి తొండ ఇంకో తొండ ఎదురైతే చాలు, తల ఎగరేసి, 'నువ్వు మా అక్కవా?' అన్నట్టు రేకు విప్పుతుంది, డేగ గుర్తొచ్చి వెంటనే ముడుచుకుంటుంది.