గాలిని మూటకట్టిన కొర్లమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో కొర్లమ్మ ఉండేది. ఆవిడ కోపం ఎంతదనుకున్నావు? కళ్ళెర్రజేస్తే గట్టున పాకే ఎండ్రకాయలు ఉడికిపోయేవి. నేను చూళ్ళేదు గానీ, తిన్నవాళ్ళు చెప్పారు.

కొర్లమ్మ రోజూ ఇసకలో నెత్తళ్ళు, అంటే వేలెడేసి చేపలు, ఎండబెట్టేది. రోజూ గాలి వచ్చి వాటి మీద ఇసక చల్లిపోయేది. ఊళ్ళో అమ్మబోతే, కరకరలాడే కూర తిన్నవాళ్ళెవరూ మళ్ళీ తలుపు తీసేవారు కాదు. ఒకరోజు మొగుడు దానేసు తెప్పేసుకుని వేటకెళ్ళాడు. అప్పుడు కొర్లమ్మ అతని పాత తెరచాపని సంచిలా కుట్టి, మూతి తెరిచి పట్టుకుంది. తెరచాప కనబడితే గాలి ఆగుతుందా? దూరిపోయింది. చటుక్కున వలముడి వేసేసింది. గాలి ఒళ్ళంతా లోపల, ఆమడల పొడుగు తోక మాత్రం సముద్రం మీద.

గాలి లోపల్నుంచి బతిమాలింది. భూమి నడుము పొయ్యి మీద పెనంలా కాలుతుందని, ఆ వేడిని తను మోసుకెళ్ళి మంచుదేశాలకి పంచాలని, వస్తూ అక్కడి చల్లదనం తేవాలని చెప్పింది. తను వీపు మీద తోస్తేనే సముద్రంలో నీళ్ళు కూడా ఆ వేడి మోయడానికి బయల్దేరతాయంది. కొర్లమ్మ చెవిన పెట్టలేదు.

మొదట నెత్తళ్ళు ఇసక రేణువు లేకుండా ఎండాయి. ఆ తర్వాత వాటంతటవే వేగిపోయాయి. ఆ తర్వాత సముద్రం గిన్నెలో గంజిలా కదలకుండా పడుకుంది. అటు మంచుదేశంలో పాలు పితికితే తెల్లటి కర్రలై రాలిపడేవట. వేడి ఉన్నచోటే కూర్చుంది, చలీ ఉన్నచోటే కూర్చుంది. మోసేవాళ్ళేరీ?

సాయంత్రానికి రావాల్సిన దానేసు మర్నాటికీ రాలేదు. అప్పుడు కొర్లమ్మ సముద్రం కేసి చూసింది. దూరాన, అంచు మీద, తెప్ప. తెరచాప తడిగుడ్డలా వేలాడుతోంది. తెడ్డేసి తెడ్డేసి మనిషి వాలిపోయాడు. తాగేందుకు ఒక్క ముంత నీళ్ళే పట్టుకెళ్ళాడని ఆవిడకి గుర్తొచ్చింది. పరిగెత్తి ముడి మీద చెయ్యేసింది.

"ఒక్కసారే విప్పకు, అప్పా," అంది గాలి. "ఈ వేడికి నా ఒళ్ళు నాకు తెలీడం లేదు. ఒక్కుమ్మడిగా వచ్చానంటే తుఫానైపోతాను. ముందు మునిగేది నీ మొగుడి తెప్పే."

"మరేటి సెయ్యమంటావు?"

"కొంచెం కొంచెం వదులు. వేడెక్కిన నేను పైకే పోతాను. నా వెనకే సముద్రం మీంచి చల్లటి తోక వస్తుంది. తెప్పని తోసేది అదే. సంచి మాత్రం చెయ్యి జారనివ్వకు."

కొర్లమ్మ నడుముకి వలతాడు కట్టించుకుంది. ఊరు ఊరంతా, పెద్ద అలివి వలని ఒడ్డుకి లాగడానికి నిలబడినట్టే, గట్టు మీద తాడు పట్టుకుని నిలబడింది. కొర్లమ్మ ముడి వేలెడు వదిలింది. సంచి ఆవిణ్ణి సరుగుడు చెట్టంత ఎత్తుకి లేపింది. ఊరు హైలెస్సా అని కిందకి లాగింది. తెప్ప కదల్లేదు.

మళ్ళీ వదిలింది. ఈసారి తల మబ్బుకి గుద్దుకుంది, కనుబొమ్మలు మాడిపోయాయి, లాగేవాళ్ళ కాళ్ళు మోకాళ్ళదాకా ఇసకలో దిగిపోయాయి. తెరచాప ఒకసారి వణికి మళ్ళీ వాలిపోయింది.

ఇంకోసారి వదిలింది. తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. చేతులు బొబ్బలెక్కాయి. కొర్లమ్మ పళ్ళు బిగించి సంచిని పట్టుకునే ఉంది. అప్పుడు చెంపకి చల్లగా ఏదో తగిలింది. తోక! దూరాన తెరచాప గుమ్మడికాయలా ఉబ్బింది.

సంచి ఖాళీ అయ్యి కొర్లమ్మ ఇసక మీదకి దిగింది. ఆ తర్వాత గాలి వేడి నెత్తినెత్తుకుని మంచుదేశం దారి పట్టింది. భూమి గిరగిరా తిరుగుతుంది కదా, పాపం, వంకరటింకరగానే పోయింది. పక్కనే వెచ్చటి నీళ్ళు నడిచాయి. అక్కడి చల్లటి నీళ్ళు సముద్రం అడుగున నక్కుతూ ఇటు తిరిగాయి.

దానేసు గట్టెక్కి, బిందెడు నీళ్ళు గటగటా తాగి, తన పాత తెరచాప ఏదని అడిగాడు. కొర్లమ్మ వినబడనట్టు నెత్తళ్ళ కూర వడ్డించింది. నమిలితే కరకరలాడింది.

"ఇసకే," అన్నాడు.

"గాలాడుతోంది, తిను," అని కొర్లమ్మ తనూ ఓ ముద్ద కరకరా నమిలింది.

కథేమో కంచికి,
గాలేమో మంచుకి,
మనమిద్దరం మంచానికి.