ఆరోసారికి కనిపించిన మనిషి

వెలగలదిన్నె జిల్లా కోర్టులో కొమరగిరి దక్షిణామూర్తి అనే ప్రభుత్వ న్యాయవాది ఉండేవాడు. ఆయన నిజాయితీకి వంక పెట్టడానికి లేదు గాని, ముద్దాయి ముఖం చూడగానే నేరం చేశాడో లేదో తనకు తెలిసిపోతుందని ఆయనకొక గట్టి నమ్మకం. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒకరి దగ్గర కాఫీ కూడా తాగి ఎరగడు. చెయ్యి శుభ్రంగా ఉన్నవాడికి చూపు కూడా శుభ్రంగానే ఉంటుందని ఆయన అనుకునేవాడు.

ఒక ఏడాది మాఘమాసంలో, పక్క ఊళ్లో అంజిరెడ్డి అనే రైతు పొగాకు బ్యారన్ పట్టపగలు తగలబడిపోయింది. బ్యారన్ అంటే పచ్చాకును ఆరబెట్టే కొట్టం. కింద పొయ్యి మండిస్తారు, ఆ వేడి ఇనుప గొట్టాల గుండా లోపలికి పోతుంది. ఆ పొయ్యి చూసుకునేవాడు జక్రయ్య. అంతకు ముందురోజే అంజిరెడ్డి అతన్ని నలుగురిలో చివాట్లు పెట్టాడు. ఆ కోపంతో నిప్పు పెట్టి ఉంటాడని అనుమానించి పోలీసులు జక్రయ్యను పట్టుకెళ్లారు. నేరం రుజువైతే పదేళ్ల దాకా జైలు పడే కేసు అది.

దక్షిణామూర్తి జక్రయ్యను మొదటిసారి కోర్టు వరండాలో చూశాడు. జక్రయ్య తల ఎత్తలేదు. తప్పు చేసినవాడి చూపు నేలను వదలదని దక్షిణామూర్తి తన గుమాస్తా ముకుందరావుతో చెప్పాడు. ఇక ఆ రోజు నుంచి ఆయనకు ప్రతిదీ ఒకే దారి చూపించింది. మంటలు లేవగానే అందరికంటే ముందు బిందెతో నీళ్లు తెచ్చింది జక్రయ్యే అని ఎవరో చెబితే, నిప్పు పెట్టినవాడికి కాక ముందుగా ఇంకెవరికి తెలుస్తుందని అడిగాడు. జైల్లో ఏడుస్తున్నాడంటే నటన అన్నాడు. ఏడుపు మానేశాడంటే రాతిగుండె అన్నాడు.

మంటలు లేచినప్పుడు దగ్గరలో ఉన్నది తిరపతమ్మ అనే ముసలామె ఒక్కతే. కొట్టం బయట కూర్చుని ఎండాకు ఏరుతోంది. పొగలో ఎవరో మనిషి పరిగెత్తడం చూశానని ఆమె పోలీసులకు చెప్పింది. దక్షిణామూర్తి ఆమెను తన ఆఫీసుకు పిలిపించాడు. బెదిరించలేదు, ఆశ చూపించలేదు. కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, బాగా గుర్తు తెచ్చుకోమ్మా, అది జక్రయ్యే కదూ అని మెత్తగా అడిగాడు. తెలియదంది. మళ్లీ అడిగాడు. ఆమె జ్ఞాపకం మీద పేరుకున్న దుమ్ము తుడుస్తున్నాననే ఆయన నిజంగా అనుకున్నాడు. చివరికి ఆమె అవునంది. ఆయన తృప్తిగా రాసుకున్నాడు.

ఆ తర్వాత అగ్నిమాపక అధికారి దగ్గరనుంచి ఒక కాగితం వచ్చింది. గొట్టం అతుకు దగ్గర తుప్పు పట్టి చిల్లు పడిందనీ, అక్కడినుంచి నిప్పురవ్వ ఆకు మీద పడి ఉండవచ్చుననీ అందులో ఉంది. ముద్దాయి తరఫు వకీలుకు దాని నకలు పంపడం ఆనవాయితీ. పంపమంటారా అని ముకుందరావు అడిగాడు. ‘ఉండవచ్చు’ అనే మాటతో కోర్టు కాలం వృథా చెయ్యకూడదని చెప్పి, దక్షిణామూర్తి ఆ కాగితాన్ని తన సంచిలో పెట్టుకున్నాడు.

కేసు విచారణకు వచ్చేసరికి జక్రయ్య జైలుకెళ్లి ఎనిమిది నెలలైంది. తిరపతమ్మ బోనెక్కి, నేర్చుకున్న పాఠంలా జక్రయ్యనే చూశానని చెప్పింది. జడ్జి నఫీసా బేగం ఆమెను కాసేపు చూసి, తానే ఒక ప్రశ్న వేసింది.

“పెద్దమ్మా, మంటలు లేచిన రోజు నీకు కనిపించింది ఎవరు?”

“ఆ రోజు ఎవరో మనిషండి. పొగలో ముఖం ఆనలేదు.”

“మరి జక్రయ్య అంటున్నావే?”

“ఆ అయ్యగారు ఆరుసార్లు అడిగారమ్మా. ఐదుసార్లు తెలీదన్నాను. ఆరోసారికి నాక్కూడా జక్రయ్యే కనిపించాడు.”

నిప్పు ఎలా పుట్టిందో తెలిపే కాగితం ఇంకేమైనా ఉందా అని జడ్జి అడిగింది. దక్షిణామూర్తి తడుముకోకుండా సంచిలోంచి ఆ కాగితం తీసి ఇచ్చాడు. దాచానన్న స్పృహే ఆయనకు లేదు. జడ్జి దాన్ని రెండుసార్లు చదివి, అంజిరెడ్డిని బోనెక్కించింది. మంటలకు ముందురోజు జక్రయ్యను ఎందుకు తిట్టావని అడిగింది. గొట్టం మారిస్తే గాని పొయ్యి వెలిగించనని జక్రయ్య మొండికేశాడనీ, అందుకే తిట్టి, పొయ్యి వెలిగించేలా చేశాననీ అంజిరెడ్డి చివరికి ఒప్పుకున్నాడు.

చివాట్లు అన్న మాట దక్షిణామూర్తి ఎనిమిది నెలల కిందటే రాసుకున్నాడు. ఎందుకని మాత్రం ఎన్నడూ అడగలేదు.

జక్రయ్య నిర్దోషి అని తీర్పు వచ్చింది. అంతటితో అయిపోలేదు. అమాయకుణ్ణి ఇరికించిన న్యాయవాదిపై చర్య తీసుకోవాలని ముద్దాయి వకీలు కోరాడు. దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు.

“నేను ఒక్క అబద్ధం ఆడలేదమ్మా. అతనే దోషి అని మనసారా నమ్మాను. ఇరికించడం అంటే నిర్దోషి అని తెలిసి చేసేది. నాది పొరపాటు.”

“పొరబడింది మీ మనసు. దానికి నేను శిక్ష వెయ్యను,” అంది జడ్జి. “కాని తెలియదన్న మనిషి చేత తెలుసని అనిపించింది మీరు. కాగితం సంచిలో పెట్టింది మీరు. అబద్ధమని తెలిసి ఇరికించేవాడికి ఎక్కడో ఒకచోట చెయ్యి వణుకుతుంది. మీకు అది కూడా వణకలేదు.”

జడ్జి రాసిన నివేదికతో ప్రభుత్వం ఆయన్ను ఏడాదిపాటు విధుల నుంచి తప్పించింది.

మొదటి నెలంతా ఆయన ఆ అవమానాన్నే తలుచుకున్నాడు. రెండో నెలలో తిరపతమ్మ ఐదుసార్లు తెలియదన్న సంగతి గుర్తుకు రావడం మొదలైంది. ఆ ఐదుసార్లూ ఆమె మాట తన చెవిన పడింది. పడినా వినలేదు. అప్పుడు ఆయనకు సిగ్గు కలిగింది. బస్సెక్కి జక్రయ్య ఊరు వెళ్లాడు.

జక్రయ్య ఇంటి ముందు మంచానికి నులక అల్లుతున్నాడు. జైలుకు పోయి వచ్చినవాణ్ణి బ్యారన్ పనికి ఎవరూ పిలవడం లేదు. దక్షిణామూర్తి నిలబడే చేతులు జోడించాడు. తనది గుడ్డి నమ్మకమనీ, ఇకమీదట అతను మంచివాడని నమ్ముతాననీ అన్నాడు. జక్రయ్య నులక వదిలి లేచి నిలబడ్డాడు.

“నన్ను నమ్మమని అడగనండి. రేపు ఇంకొకణ్ణి నమ్మలేకపోతారు, వాడి గతేంటి? ఆ ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోండయ్యా, చాలు.”

తిట్టి ఉంటే దక్షిణామూర్తి తేలిగ్గా ఇంటికి వెళ్లేవాడు. ఆ మాట మాత్రం ఆయన్ను వదల్లేదు. బ్యారన్ కాలింది తుప్పు పట్టిన గొట్టం వల్లనేనని తన పేరుతో ఉత్తరం రాసి, చుట్టుపక్కల రైతులందరికీ స్వయంగా చూపించి వచ్చాడు. ఆ పంటకాలంలోనే జక్రయ్యకు పని దొరికింది.

ఏడాది గడిచి ఉద్యోగంలో చేరాక, సాక్షి నోట మొదట వచ్చిన మాటనే ఆయన కాగితం మీద పెట్టేవాడు. తన కేసుకు ఎదురొచ్చే కాగితాన్ని అందరికంటే ముందు అవతలి వకీలుకు పంపేవాడు. అందువల్ల కొన్ని కేసులు ఓడిపోయాడు కూడా. ముఖం చూసి నేరం చెప్పగలనన్న మాట ఆయన నోట మళ్లీ ఎవరూ వినలేదు.

నీతి: మన నమ్మకం ఎంత నిజాయితీగలదైనా సరే, దానికి సరిపోయేలా సాక్ష్యాన్ని దిద్దితే అది అమాయకుణ్ణి ఇరికించడమే.