ఎర్రనాచు విప్పిన గుట్టు

ఆ వేసవిలో మడచెట్ల మధ్య ఉప్పుటేరు ఇటుక రంగుకు తిరిగింది. ఎర్రనాచు దిగింది. కంటికి ఆననంత చిన్న ప్రాణి, కానీ గుంపుగా పెరిగిందంటే నీళ్ళన్నీ విషమే. పరిగె చేప పిల్లలు నీటి మీదకు నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. సముద్రంలోకి పారిపోదామంటే ఏరు కడలిలో కలిసే మొగ దగ్గర ఇసుక అడ్డం. పౌర్ణమి పోటు వస్తేగాని దారి తెరుచుకోదు.

"తాబేలవ్వా, ఏదైనా దారి చెప్పు. పోటు దాకా నా పిల్లలు బతికేలా లేరు" అంది తల్లి పరిగె.

"ఉందే! ఈ నాచు చావు దాని ఒంట్లోనే ఉందని మా అమ్మమ్మ చెప్పింది. ఎప్పుడు నిద్ర లేస్తుందో కూడా చెప్పింది. అదే... నోటి దాకా వచ్చి పోతోంది."

"గుడ్లు పెట్టిన చోటే మర్చిపోయావు, అమ్మమ్మ మాట గుర్తుంటుందా?" అని పీత వెక్కిరించింది.

ఆ మాట గుచ్చుకుంది. తాబేలు కళ్ళు మూసుకుని ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఉన్నట్టుండి తల పైకెత్తింది. "నాకు మతిమరుపని ఏరంతా తెలుసు. అదీ మన మంచికేలే" అంటూ ఎర్రనాచు గుంపు దగ్గరికి ఈదింది.

"ఏమ్మా ఎర్రమ్మా, ఎండ ముదిరితే మీ అంతట మీరే కరిగిపోతారట కదా, పాపం!"

గుంపుకు పెద్దదైన ఎర్రమ్మ పకపకా నవ్వింది. "ఎండా? ఎండ మాకు పాయసమే ముసలీ!"

"అయితే ఉప్పు ఎక్కువైతే కాబోలు."

"కాదు!"

"పోనీ, పీతను చూసి భయపడా?"

ఎర్రమ్మకు ఒళ్ళు మండింది. "మా వంశం పరువు తీయకు! చీకటే. వెలుగు అందకపోతే మా తల్లులు మా ఒంట్లో దాచిన మాట నిద్ర లేస్తుంది. కొందరు కరిగి మిగతావాళ్ళకు తిండవుతారు. ఎంత త్యాగం! ఈసారైనా గుర్తుపెట్టుకో."

చదువుకున్నవాళ్ళు ఆ మాటనే జన్యువు అంటారు.

"చీకటి, చీకటి" అనుకుంటూ తాబేలు వెనక్కి ఈదింది. దారిలో రొయ్య పలకరించినా బదులివ్వలేదు, మాట ఎక్కడ జారిపోతుందోనని.

"పీతా, నీళ్ళు మురికి చేస్తావని ఇన్నాళ్ళూ తిట్టాను. ఇవాళ నీ ఇష్టం వచ్చినట్టు తవ్వు!"

పీతలన్నీ బొరియలు తోడాయి. పెద్ద పరిగెలు అడుగున తోకలు ఆడించాయి. బురద లేచి ఏరంతా కమ్ముకుంది. అది అడుగుకు పేరుకునే లోపే మళ్ళీ లేపాయి. వెలుగు లేక ముందు కొన్ని నాచు కణాలు కరిగాయి, తర్వాత వాటి పక్కవి, ఆ తర్వాత గుంపులకు గుంపులే.

"ఆగండే! అందరూ కరిగితే తినేదెవరు?" అని ఎర్రమ్మ కేకలు పెట్టింది. ఒంట్లో లేచిన మాట ఆగలేదు.

"ఏం కావాలమ్మా, ఎండా, ఉప్పా?" అంది తాబేలు.

అప్పటికే ఎర్రమ్మ తనూ కరిగిపోతోంది.

పౌర్ణమి పోటు వచ్చి మిగిలిన ఎరుపునంతా ఊడ్చుకుపోయింది. పరిగె పిల్లలు తేట నీళ్ళలో ఎగిరెగిరి దూకుతుంటే ఏరంతా తాబేలవ్వకు జేజేలు కొట్టింది.

పీత సిగ్గుపడుతూ దగ్గరికొచ్చింది. "అవ్వా, నీ గుడ్లు ఎక్కడున్నాయో నేను వెతికి పెడతాను."

"వెతుకు నాయనా. దొరికాక నాకు రోజూ చెబుతుండు" అంది తాబేలు.

ఎదుటివారి మతిమరుపును దిద్దే గర్వంలో తన గుట్టు విప్పుకున్నవాడికి వేరే శత్రువు అక్కర్లేదు.