వెలగపండు ఎవరి కర్మ?

ఒకానొక రాజ్యంలో ఉదగ్రవర్మ అనే రాజుండేవాడు. ఆ రాజ్యం ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి. నా చదువంతా పకోడీ పొట్లాల కాగితాల మీద సాగింది. రాజ్యం పేరున్న చోట నూనె మరక పడింది. రాజు పేరైనా మిగిలింది, అదే పదివేలనుకున్నాను. కృష్ణ ఒడ్డున అని మాత్రం లీలగా కనబడింది. స్తూపాలూ, విహారాలూ, కాషాయం కట్టిన భిక్షువులూ ఉన్న కాలం.

ఉదగ్రవర్మకి తన పుణ్యం మీద అంతులేని నమ్మకం. వాన పడితే తన పూర్వజన్మ సుకృతం. పడకపోతే జనం చేసిన పాపం. పంట పండితే ఆయన గొప్ప, పురుగు పడితే రైతు ఖర్మ.

ఈ వరస ఆయనకి నేర్పినవాడు ఆస్థాన పండితుడు వాదిసింహాచార్యుడు. లోకంలో పూచికపుల్ల కదిలినా దాని వెనక ఫలానావాడి పూర్వకర్మ ఉందని చెప్పగలడు. ఆ ఫలానావాడు ఎన్నడూ రాజు కాకుండా చూసుకోనూగలడు. అందుకే ఆస్థాన పండితుడయ్యాడు.

ఒకనాడు పొద్దున్నే రాజు తోటలో కొలువు తీరాడు. వెలగచెట్టు నీడ చల్లగా ఉందని ఆసనం దాని కిందే వేయించుకున్నాడు. ఎదురుగా పొరుగు దేశపు రాయబారి కూచున్నాడు. పరాయివాళ్ళని చూస్తే రాజుకి ఉత్సాహం ఎక్కువ.

"మా ఆజ్ఞ లేనిదే ఈ రాజ్యంలో ఆకైనా రాలదు," అన్నాడు.

ఆకు రాలలేదు. వెలగపండు రాలింది.

వెలగపండు ఎంత గట్టిదో, దాన్ని పగలగొట్టుకు తిన్నవాళ్ళకి తెలుసు. అది కిరీటం అంచుకి తగిలి, రాజు నుదుటి మీద బొప్పి కట్టించి, దొర్లుకుంటూ పోయి రాయబారి కాళ్ళ దగ్గర ఆగింది. రాయబారి నవ్వు ఆపుకోబోయాడు. ఆగలేదు.

బొప్పి రేపటికి తగ్గేదే. ఆ నవ్వు తగ్గేది కాదు.

"ఆచార్యా! ఇది ఎవరి కర్మ?" అని గర్జించాడు రాజు.

వాదిసింహాచార్యుడు లెక్కేసుకున్నాడు. ప్రభువులదే అంటే మెడ పోతుంది. ఎవరిదీ కాదంటే శాస్త్రం పోతుంది. అటూ ఇటూ చూశాడు. చెట్టు అవతల తోటమాలి కాటడు పార పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదిగో, వీడిది ప్రభూ! పూర్వజన్మలో వీడు చేసిన ఘోరమేదో ఇవాళ పక్వానికొచ్చింది. వీడికి శిక్ష పడాలి కనుక పండు రాలింది. పండు రాలాలి కనుక చెట్టు కాసింది. తమ శిరస్సు కేవలం నిమిత్తమాత్రం."

రాజుకి ఈ మాట హాయిగా వినిపించింది. "అయితే రేపు పొద్దున వీణ్ణి పట్టపుటేనుగు ముందు కూచోబెట్టండి. పుణ్యముంటే దాటిపోతుంది, లేకపోతే తొక్కుతుంది. అది వాడి కర్మ. మాకేం సంబంధం లేదు."

"అక్కడ కూచోవద్దని చెప్పబోయాను దొరా..." అంటున్నాడు కాటడు. భటులు అప్పటికే ఈడ్చుకుపోతున్నారు.

ఆ కొలువులో నందెన అని ఒక హాస్యగాడున్నాడు. పైకి చమత్కారి, లోపల పిరికివాడు. భయమేసినప్పుడల్లా నోట్లోంచి హాస్యం ఊడిపడేది. భయం ఎప్పుడూ వేస్తూనే ఉండేది కనుక పేరు మోశాడు.

సాయంత్రం కాటడి పెళ్ళాం నాగి అతని గుమ్మంలోకి వచ్చింది.

"నలుగుర్నీ నవ్విస్తారటగా అయ్యా?"

"ఏదో, బతుకుతెరువు తల్లీ."

"రేపు మా ఆయన్ని తొక్కేటప్పుడు కూడా నవ్విస్తారా?"

నందెన లోపలికి తప్పుకోబోయాడు.

"ఆ చెట్టుకి నీళ్ళు పోశాడయ్యా. అంతకంటే ఏం చెయ్యలేదు. నీళ్ళు పోయడం కూడా పాపమేనా?"

"నాకేం తెలుసమ్మా? నాకు శాస్త్రాలు రావు."

"వచ్చినోళ్ళని అడగండి. పొద్దుటిదాకా ఉందిగా. నేనిక్కడే కూచుంటాను." అని అరుగు మీద చతికిలబడింది.

ఆమె అక్కడ కూచుంటే నందెనకి లోపల ముద్ద దిగలేదు. ఆమె చూపు తప్పించుకోవడానికే సగం, విహారానికి బయల్దేరాడు. అక్కడ సుమనుడనే ముసలి భిక్షువు దీపాలు వెలిగిస్తున్నాడు.

"భంతే, వెలగపండు రాలితే అది ఎవరి కర్మ?"

"పండు ముగ్గింది, తొడిమ వదిలింది. కింద రాజు తల ఉందో, ఉట్టి కుండ ఉందో దానికి తెలీదు. ఎండకి జరిగేవున్నాయి, గాలికి జరిగేవున్నాయి, ఒంట్లో పిత్తం ముదిరి జరిగేవున్నాయి. జరిగిందల్లా వెనకటి కర్మేనని తథాగతుడు చెప్పలేదు ఉపాసకా."

"మరి కర్మ ఏది?"

"తలపెట్టి చేసినదే కర్మ. తలంపు ఎక్కడుందో అక్కడ వెతుకు."

నందెన వెతికాడు. పండు తలపెట్టలేదు. కాటడు తలపెట్టలేదు. ఏనుగు ఏం తలపెడుతుంది, మావటి తోలినట్టు నడుస్తుంది. ఇక మిగిలింది... ఆ పేరు పైకి అనకుండా చటుక్కున భిక్షువు వైపు తిరిగాడు.

"భంతే, ఈ మాట తమరే వచ్చి రాజుగారికి చెప్పకూడదూ?"

"ఇదివరకే చెప్పాను నాయనా. 'సాధు, సాధు' అన్నారు. పొరుగు రాజు గురించి చెబుతున్నాననుకున్నారు."

తెల్లవారింది. కోట ముందు మైదానం జనంతో నిండిపోయింది. చేతులు కట్టేసి కాటణ్ణి కూచోబెట్టారు. ఏనుగు గంట దగ్గరవుతోంది. జనంలో నాగి నందెన మీదనుంచి కళ్ళు తిప్పడం లేదు.

నందెన ఒక కొమ్ముచెంబు పట్టుకుని రాజు ముందుకొచ్చాడు. చెంబు మూత టకటకా కొట్టుకుంటోంది.

"ఏమిట్రా అది?"

"నీళ్ళు ప్రభూ. నాబోటి పిరికివాడి జాగ్రత్త."

ఆ కాలంలో ఆవునిచ్చినా, భూమినిచ్చినా, ఏమిస్తున్నదీ పైకి చెప్పి పుచ్చుకునేవాడి అరచేతిలో నీళ్ళు ధారపోసేవారు. అరచేయి తడిసిందా, ఆ ఇచ్చింది వాడిదైపోయినట్టే.

"కాటడు చస్తే అది కాటడి కర్మేనని ఆచార్యులవారు తేల్చారు. తమకేమీ అంటదు. అయినా రవ్వంత దోషం తమ మీద వాలుతుందేమోనని నాకు గుబులు. దాన్ని ఎవరికైనా ధారపోసేస్తే పీడా పోతుంది. లేనిదాన్ని పుచ్చుకోవడానికి ఆచార్యులవారికి అభ్యంతరం ఏముంటుంది?"

"బాగుంది! ఆచార్యా, చేయి పట్టండి," అన్నాడు రాజు.

వాదిసింహాచార్యుడు నందెన కేసి చూసి చిన్నగా నవ్వాడు. ఉత్తరీయం సర్దుకుని, కుడిచేయి ముందుకు చాచాడు.

నందెన రాత్రంతా కూచుని అల్లిన ఉపాయంలో ఈ చేయి లేదు. వెనక్కి తీస్తాడనుకున్నాడు, చాచాడు! ఏనుగు వచ్చి ఆగింది. భయంతో అతని నోటికి ఏదొస్తే అది వచ్చేసింది.

"ఆగండాగండి! సంకల్పం చెప్పొద్దూ? ఏమిస్తున్నారో చెప్పకపోతే ధార చెల్లదు. నేను చెబుతాను, తమరు అనండి. 'ఉదగ్రవర్మ అనే నేను...'"

"ఉదగ్రవర్మ అనే నేను," అన్నాడు రాజు చెంబు అందుకుని.

"'తప్పు చేశాడో లేదో విచారించకుండా...'"

రాజు ఆగాడు. "అది కూడా అనాలా?"

"దాచుకున్నది తమ దగ్గరే ఉండిపోతుంది ప్రభూ."

"విచారించకుండా," అన్నాడు రాజు గబగబా.

"'చేతులు కట్టేసిన మనిషిని ఏనుగు చేత తొక్కించి చంపిన ఫలాన్ని...'"

"...ఫలాన్ని," అన్నాడు రాజు. గొంతు కాస్త తగ్గింది.

"'అది ఎన్ని జన్మలకి పండినా, ఏ రూపాన పండినా, ఏమీ మిగుల్చుకోకుండా వాదిసింహాచార్యులకి ఇస్తున్నాను.'"

రాజు చెంబు వంచాడు. కొమ్ము చివర ఒక్క చుక్క వచ్చి నిలిచింది. ఆచార్యుడు దాన్నే చూస్తున్నాడు. చుక్క లావైంది. చేయి చటుక్కున వెనక్కి పోయింది.

"క్షమించాలి ప్రభూ, అరచేతికి గాయం..."

"ఏదీ? కనబడదే!"

"పూర్వజన్మది ప్రభూ."

రాజు సేనాపతి వైపు తిరిగాడు. సేనాపతి చేతులు వీపు వెనక ఉన్నాయి. మంత్రి చేతులు ఉత్తరీయంలో దూరాయి. మావటి ఏనుగు మెడ మీద పడుకుని దాని చెవులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. అంత జనంలో ఒక్క అరచేయి కనబడలేదు. రాజు చెంబు పట్టుకుని నిలబడిపోయాడు.

"దొరా, నాకు పోసెయ్యండి."

అన్నది కాటడు.

"ఎవరూ పట్టకపోతే అది తమ దగ్గరే ఉండిపోతుందంటున్నారుగా. నేనెలాగూ పోయేవాణ్ణి. కట్లు కాస్త వదులు చేయిస్తే చేయి పడతాను."

నందెన కూడా దీన్ని ఊహించలేదు. రాజు మొహం చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"నందెనా, వీడికి పోయొచ్చా?" అన్నాడు రాజు.

"పోసినా ఒకటే ప్రభూ. పుణ్యమైతే పదిమందీ పంచుకుంటారు. ఇది మాత్రం తలపెట్టినవారిని వదలదని భిక్షువులంటారు. పండు తలపెట్టలేదు. కాటడు తలపెట్టలేదు. ఈ ఏనుగుకి ఇప్పటికీ సంగతేమిటో తెలీదు. ఇక తలపెట్టినవారు..."

అతని ధైర్యం అక్కడికే సరిపోయింది.

"ఆపు. మిగతాది నాకు తెలిసింది," అన్నాడు రాజు. చెంబు కింద పెట్టాడు. "వాడి కట్లు విప్పండి."

నాగి పరుగున వెళ్ళి మొగుణ్ణి వాటేసుకుంది. మరుక్షణం వీపు మీద ఒకటిచ్చింది. "చేయి పడతావా? ఎవరి పాపానికి? ఇంటికి పద, చెబుతాను!"

రాజు నుదుటి బొప్పి తడుముకున్నాడు. "అదంతా సరేరా. ఇంతకీ ఆ పండు ఎందుకు రాలింది?"

"ముగ్గి రాలింది ప్రభూ."

"నా నెత్తి మీదే ఎందుకు?"

"తమరు కింద కూచున్నారు కనుక."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. నందెన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వినిపించింది నవ్వు. కిరీటం ఊడి పడేలా నవ్వుతున్నాడు రాజు. ఆయన నవ్వాడని రూఢి చేసుకుని జనం నవ్వారు. అందరికంటే ఆఖరున, అందరికంటే గట్టిగా ఆచార్యుడు నవ్వాడు.

"నదీతీరంలో నీకు పది మడుల మాన్యం ఇస్తున్నాం నందెనా!" అని రాజు మళ్ళీ చెంబందుకున్నాడు. "చేయి చాచు."

నందెన రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి.

"ముందు సంకల్పం గట్టిగా చెప్పండి ప్రభూ. ఏమిస్తున్నారో విని చాస్తాను!"