ఏడాదంతా ఒకటే కందెన

రండర్రా, చలిగాలి కొడుతోంది, దగ్గరగా జరిగి కూర్చోండి.

పూర్వం ఓ రాజ్యంలో ఓబులేసని, సైన్యం బండ్లకు కందెన రాసేవాడు ఉండేవాడు. ఎండాకాలం చిక్కటి ఆముదం, చలికాలం నువ్వులనూనె కలిపి పలచన చేసింది రాయాలనేవాడు. సైన్యాన్ని నడిపే కొత్త దళవాయి వింటేనా! "సైన్యంలో ఏ ఇనుముకైనా ఏడాదంతా చిక్కటిదే. మార్చావో, తల తీస్తా" అన్నాడు. అప్పట్నుంచి ఓబులేసుకు మెడ తడుముకోవడమే పని.

పుష్యమాసం వచ్చింది. శత్రువులు తరుముకొస్తుంటే, తెల్లవారుజాము మంచులో, కొండ కనుమ మధ్య దళవాయి బండి చక్రాలు బిగిసిపోయాయి. వెనక డప్పుల మోత దగ్గరవుతోంది.

"నీవల్లేరా చచ్చాం!" అంటూ దళవాయి బండి పక్కనే ఉన్న ఓబులేసు మీదికి కత్తి దూయబోయాడు. ఓబులేసుకు పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ కత్తి ఒరలోంచి రాలేదు. రెండు చేతులా లాగినా రాలేదు.

"తమరి ఆజ్ఞే కదా దొరా" అన్నాడు ఓబులేసు. "కత్తికీ అదే రాశాను, చలికి బంకలా పట్టేసింది. సెగ తగిలితే వదులుతుంది. మనకున్నది ఒక్క కాగడా. నా తల తీయడానికి కత్తికి చూపమంటారా, మీ తల దక్కడానికి చక్రానికి చూపమంటారా?"

డప్పులు మలుపు దాకా వచ్చేశాయి.

"చక్రానికిరా నాయనా, చక్రానికి!"

బండి కదిలింది. కనుమ దాటాక ఓబులేసు దాచి తెచ్చిన నువ్వులనూనె కుండ మూత తీస్తే, దళవాయి తన కత్తి ఒర కూడా ముందుకు చాపాడు.

ఇక లేవండి, ఇళ్లకు పోయి వేడి తగ్గకముందే అన్నాలు తినండి.