బానలో జానెడు మొక్క

అనగనగా ఒక కొండ, ఆ కొండ నెత్తిన ఒక కోట, ఆ కోట చుట్టూ ఒక గాలి. కొండలూ కోటలూ ఎక్కడైనా ఉంటాయి. అలాంటి గాలి మాత్రం ఇంకెక్కడా లేదు. రాత్రీ పగలూ ఈల వేస్తూ తిరిగేది కాబట్టి ఆ కోటకు ఈలకొండ అని పేరు వచ్చింది. పొద్దున ఈలకొండలో ఎవరైనా తుమ్మితే, సాయంత్రానికి పక్క రాజ్యంలో ఎవరో "చిరంజీవ" అనేవారు. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు. నేను కథ చెబుతుండగా మధ్యలో లేచినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

ఈలకొండ అంతా రాయి. పిడికెడు మట్టి కావాలన్నా కింద నుంచి గంపల్లో మోసుకు రావాలి. అందుకే అక్కడి జనం కుండల్లో మట్టి నింపి, ఎండ తగిలేలా పిట్టగోడల మీద పెట్టి మొక్కలు పెంచేవారు. అన్నిటికంటే వాళ్ళకు ఇష్టమైనది టమాటా. పాతవాళ్ళు దాన్నే రామములగ అనేవారు. ఈలకొండ టమాటాకు ఒకటే దుర్గుణం, ఎత్తు. కొనకొమ్మ మీద వాలాలనుకున్న పిచ్చుక సగం దారిలో ఆగి, అలుపు తీర్చుకొని, మళ్ళీ ఎగిరేది.

ఆ కోటలో ఓబులమ్మ అనే ఒంటరి మనిషి అట్లు పోసి అమ్ముకునేది. అట్టులోకి టమాటా పచ్చడి నూరేది. ఆ వాసనకు కోట తలుపులు వాటంతటవే తెరుచుకునేవని అంటారు. అనడం ఏమిటి, తెరుచుకునేవి. రాజు సింగమరాజు కూడా పొద్దున్నే ఆ అట్లే తెప్పించుకునేవాడు.

ఒకనాడు రాజు ఊరేగుతూ ఓబులమ్మ ఇంటి కింద వీధిలోకి వచ్చాడు. అప్పుడే గాలి విసిరింది. పిట్టగోడ మీది మొక్క తెరచాపలా ఉబ్బి, కుండతో సహా లేచి, సూటిగా రాజుగారి గొడుగు మీద పడింది. గొడుగు చిరిగి రాజు మెడలో హారంలా దిగింది. ఒక పండు ఆయన ముక్కు మీద పగిలింది.

దెబ్బ ఎవరికీ తగల్లేదు. కానీ రాజు నవ్వలేదు. ఈ రోజు గొడుగు మీద పడింది, రేపు ఒక పసివాడి తల మీద పడుతుంది అన్నాడు. కుండ ఎవరిదని అడిగాడు. గోడల మీద అలాంటి కుండలు వందలున్నాయి. నోరు మూసుకుంటే ఎవరిదో తేలేది కాదు. ఓబులమ్మ మెట్లు దిగి వచ్చి, కుండ తనదేనని చెప్పింది.

ఈలకొండలో ఒక పాత కట్టుబాటు ఉంది. గోడ మీద నుంచి ఏది పడేసినా, ఆ పడేసినవాళ్ళు కొండ దిగి వెళ్ళిపోవాలి. ఓబులమ్మ తప్పు ఒప్పుకొంది. అయితే పడింది కుండ బరువుకు కాదనీ, మొక్క ఎత్తు వల్ల గాలికి పట్టు దొరికి పడిందనీ, జానెడుకు మించి పెరగని మొక్కను తాను తెస్తే ఎవరి తలకూ భయం ఉండదనీ విన్నవించింది. రాజు ఆలోచించి మూడు పంటల గడువిచ్చాడు. ఆలోగా జానెడు మొక్క వస్తే ఆమె ఇల్లు ఆమెది. రాకపోతే కొండ దిగాలి. అంతదాకా కోటలో కుండలేవీ పిట్టగోడల మీద ఉండకూడదన్నాడు.

ఓబులమ్మకు ఇద్దరు తోడు వచ్చారు. ఇద్దరికీ మొక్కల పిచ్చి. ఒకడు కుమ్మరి పుల్లయ్య. అతను సారె తిప్పితే భూమి కూడా కాస్త తల తిరిగి ఆగేది. రెండోవాడు గుర్రాలశాలలో పనిచేసే మస్తాను. అతని ఎరువు ఎంత బలమైనదంటే, అక్కడ మరిచిపోయిన చేతికర్ర మర్నాటికి చిగురు వేసేది.

ముగ్గురూ ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని వెనక మస్తాను చెప్పిన మాట ఉంది. మేత లేక చిక్కిన గుర్రప్పిల్లా, పుట్టుకతోనే పొట్టి జాతి గుర్రమూ చూపుకు ఒకలాగే ఉంటాయట. కడుపునిండా మేత పెడితేనే ఏది ఏదో తేలుతుందట. కాబట్టి ఏ మొక్క పొట్టిగా కనిపించినా, దాని గింజల్ని మూడు పాళ్ళు చేసి మూడు చోట్లా వేయాలి. పుల్లయ్య ఇసుకమట్టిలో, మస్తాను ఎరువులో, ఓబులమ్మ మిద్దె మీద. మూడు చోట్లా పొట్టిగా నిలిస్తేనే అది పొట్టి మొక్క అని ఒప్పుకోవాలి.

మొదటి పంట వచ్చింది. మిద్దె మీద మనిషెత్తు లేచింది. పుల్లయ్య పెరట్లో మనిషిన్నర లేచింది. శాలలో అయితే ఒక గుర్రం దాన్ని చెట్టనుకొని నీడకు చేరింది. ఉన్నవాటిలో కురచదాన్ని ఏరి, దాని గింజలు పంచుకున్నారు.

రెండో పంటకు పుల్లయ్యకు ఒక ఉపాయం తట్టింది. కుమ్మరి కదా, కుండతోనే ఆలోచించాడు. ఉగ్గుగిన్నె అంత కుండ చేసి, అందులో గింజ వేసి, ఉద్ధరిణెతో నీళ్ళు పోశాడు. మొక్క సరిగ్గా జానెడు లేచి ఆగింది. రేగుపండంత కాయ ఒక్కటి కాసి పండింది. పుల్లయ్య నిజంగానే మురిసిపోయాడు. మోసం చేస్తున్నానని అతనికి తోచనే లేదు. గింజలు పంచే మాట మరిచి, డప్పులు కొట్టించుకుంటూ సభకు వెళ్ళాడు.

రాజు జాన పెట్టి కొలిచాడు. సరిపోయింది. సభ అంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు కోట మీది పావురాలు లేచి మూడు రోజులు దిగలేదు. ఓబులమ్మ ఇక కొండ దిగనక్కరలేదని రాజు చెప్పబోయాడు. ఆమె ఊరికే నిలబడితే చాలు, ఇల్లు దక్కుతుంది.

ఓబులమ్మ మొక్క దగ్గరికి వచ్చింది. కింది ఆకులు పండుబారి ఉన్నాయి. కుండ అడుగు చిల్లులోంచి వేళ్ళు బయటికి వచ్చి, మట్టి కోసం వెతుకుతున్నాయి.

"ప్రభూ, ఇది పొట్టి మొక్క అవునో కాదో నాకు తెలియదు. ఆకలితో ఉన్న మొక్క అని మాత్రం తెలుసు" అంది.

పుల్లయ్య మొహం కాల్చిన కుండలా ఎర్రబడింది. "వదినా, నీ ఇల్లు నిలబెట్టడానికి కదా నేనీ కుండ చేసింది. దాన్ని తెచ్చి నా నెత్తినే పగలగొడుతున్నావు" అన్నాడు.

"నీ కుండకు వంక పెట్టడం లేదు పుల్లయ్యా. ఈ గింజల్ని నమ్మి ఊరంతా గోడల మీద పెట్టుకుంటుంది. ఎవరో ఒకరు పెద్ద కుండలో వేస్తారు, తృప్తిగా నీళ్ళు పోస్తారు. అప్పుడది లేస్తుంది. కింద వీధిలో ఆ రోజు గొడుగు ఉండకపోవచ్చు."

రాజు మెడ తడుముకున్నాడు. ఆ పండు గింజల్ని మస్తాను ఎరువులో వేయించమన్నాడు. పుల్లయ్య ఇంటికి పోయి తలుపు వేసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు, ఈమె అట్టును తిరగేసినట్టు తన అదృష్టాన్ని తిరగేసుకుంది అని నవ్వుకున్నారు. వాళ్ళు అట్లు కొనడం మాత్రం మానలేదు.

మూడో పంట. ఎరువు తగలగానే ఆ గింజలు పాత ఆకలంతా తీర్చుకున్నాయి. వారం తిరిగేసరికి గుర్రం మోకాలు, ఆపైన గుర్రం చెవులు, ఆపైన శాల కప్పు. కప్పు పెంకులు తోసుకొని బయటికి వచ్చి, దారిన పోయే మబ్బుకు కొమ్మ తగిలించి చిరుజల్లు కురిపించిన మొక్క కూడా ఒకటుంది. ఓబులమ్మ ఇల్లు పోయినట్టే అని అందరూ అనుకున్నారు.

గడువు దగ్గర పడ్డాక మస్తాను ఆ అడవిని నరుకుతూ పోతే, మొదళ్ళ నడుమ ఒక మొక్క కనిపించింది. జానెడే ఉంది. గుర్రం తొక్కిందేమో అనుకొని పీకబోయి ఆగాడు. కాండం బొటనవేలంత లావు. ఆకులు ముదురాకుపచ్చగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. కింద ఒక్క ఆకు కూడా పండుబారలేదు. చుట్టూ ఎర్రటి పండ్ల గుత్తులు. తక్కినవన్నీ తిన్న ఎరువే ఇదీ తింది, తాగిన నీళ్ళే తాగింది. ఉగ్గుగిన్నెల్లో ఉండి ఉంటే, ఆకలితో ముడుచుకున్న ఆ గుంపులో ఇది ఏదో ఎవరికీ తెలిసేది కాదు.

రాజు శాలకే వచ్చి కొలిచాడు. ఆయనకు ఓబులమ్మను పంపడం ఇష్టం లేదు. పొద్దుటి అట్లు కూడా గుర్తుకొచ్చాయి. "ఇది అసలైన పొట్టి మొక్కేనా? నువ్వు అవునను చాలు, నేను ఒప్పుకుంటాను" అన్నాడు.

ఓబులమ్మ ఆ మొక్క ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. "నమ్మకముంది ప్రభూ. నమ్మడం వేరు, తేలడం వేరు. ఇది ఒక్క మొక్క చెప్పిన మాట. దీని పిల్లలు కూడా అదే మాట చెప్పాలి."

గడువు ముగిసింది. కట్టుబాటు కట్టుబాటే. ఓబులమ్మ పండ్ల గింజలు తీసి మూడు పాళ్ళు చేసింది. ఒక పాలు మస్తానుకిచ్చింది. రెండో పాలు ఆకులో చుట్టి, మూసి ఉన్న పుల్లయ్య గడప మీద పెట్టింది. మూడోది కొంగున ముడి వేసుకొని, పెనం నెత్తిన పెట్టుకొని కొండ దిగింది. ఆ రోజు ఈలకొండ గాలి ఈల వేయలేదు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. తక్కినవి కూడా కల్పించలేదనుకోండి.

పుల్లయ్య తలుపు తీశాడు. గడప మీది ఆకు పొట్లం విప్పి, లోపలికి పోయి సారె ముందు కూర్చున్నాడు. ఈసారి ఉగ్గుగిన్నె చేయలేదు. బాన చేశాడు. ఎంత బాన అంటే, దాన్ని కాల్చడానికి ఆవం చాలక, బాన చుట్టూనే కొత్త ఆవం కట్టాడు. చల్లారిన తర్వాత అందులోకి దిగి "వదినా" అని పిలిస్తే, ఆ పిలుపు బయటికి రావడానికి పూట పట్టింది. గంపలు గంపలుగా మంచి మట్టి, మస్తాను దగ్గరి ఎరువు తెచ్చి సగం దాకా నింపాడు. మధ్యలో గింజ వేశాడు. బిందెలతో నీళ్ళు పోశాడు. ఇంకా పోశాడు. మొక్క జానెడు లేచింది, ఆగింది, కాయలు కాసింది. ఎంత పెట్టినా కాయలే పెరిగాయి గాని ఎత్తు పెరగలేదు.

పుల్లయ్య ఆ బానను బండికెక్కించి, ఎడ్లు కట్టి సభకు తెచ్చాడు. వెనకే మస్తాను తన మొక్కలు తెచ్చాడు. అవీ జానెడే. రాజు కొలుద్దామని బానలోకి వంగితే తలపాగా జారి లోపల పడింది. దాన్ని తీయడానికి నిచ్చెన తెప్పించారు.

"పోయినసారి చిన్న కుండ తెచ్చావు. ఈసారి ఇంత బాన ఎందుకయ్యా" అని రాజు అడిగాడు.

"పెరగడానికి దానికి అడ్డేమీ లేదని చూపించడానికి ప్రభూ. పోయినసారి పొట్టిది నా కుండ, మొక్క కాదు" అన్నాడు పుల్లయ్య.

మూడో పాలు ఎక్కడుందని రాజు అడిగాడు. ఇద్దరూ కొండ కిందికి చూపించారు. రాజు పల్లకీ పిలవకుండా నడిచే దిగాడు.

కొండ కింద నల్లరేగడిలో ఒక చిన్న పాక. పాక ముందు ఓబులమ్మ బాటసారులకు అట్లు పోస్తోంది. పాక చుట్టూ జానెడు జానెడు మొక్కలు, ఒక్కటీ తల ఎత్తకుండా, పండ్లతో ఎర్రగా. రాజు మోకాళ్ళ మీద కూర్చొని జాన పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అన్నీ ఒకే ఎత్తు.

"ఇప్పుడు చెప్పు ఓబులమ్మా."

ఓబులమ్మ అట్టు తిరగేసి, పెనం దించి, చేతులు తుడుచుకుంది. "ఇప్పుడు చెబుతాను ప్రభూ. ఇది పొట్టి మొక్కే."

ఆ మొక్క గడువులోనే మొలిచింది కాబట్టి, ఆమె పాత ఇల్లు ఆమెకు దక్కింది. ఈలకొండ గోడలన్నీ మళ్ళీ కుండలతో నిండాయి, ఈసారి జానెడు మొక్కలతో. గాలి రోజంతా ఈల వేసుకుంటూ తిరిగింది, పట్టుకోవడానికి దానికి ఏమీ దొరకలేదు. ఆ గింజలు పంచుకోవడానికి వచ్చినవాళ్ళ వరుస పక్క రాజ్యం దాకా పోయి, అక్కడ చోటు చాలక వెనక్కి తిరిగి మళ్ళీ ఈలకొండకే వచ్చింది. బాన మాత్రం రాజుగారి వాకిట్లో నిలిచింది, నడుమ ఒక్క మొక్కతో.

పిల్లలూ, ఈ కథలోని నీతి ఇది: తనకు లాభమైన మాటను కూడా పరీక్షకు పెట్టి, నిజమని తేలాకే అవునన్నవాళ్ళ మాట ఏ గాలికీ పడిపోదు.