ఎదురుకాళ్ళోడి మనవరాలు

ఒట్టు, మీరు చచ్చినా నమ్మరు: గోదారి లంకలో కొబ్బరితాడు పేనుకుంటా, నోరు తెరిస్తే తన ఎడమకాలి గొప్పే చెప్పుకునే ఈ గనిరాజు, ఒకరోజు ఆ కాలు ఎక్కడ దాచుకోవాలో తెలీక తల దించుకున్నాడు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టానండి. ముందు కాళ్ళొచ్చాయి, ఎనకాల తలొచ్చింది. అలా పుట్టినోడు కాలితో తడితే నడుం పట్టయినా, మెడ పట్టయినా, ఎలాంటి పట్టయినా వదిలేస్తదని మా లంకంతా నమ్ముద్ది. వదలడమేంటి! చతికిలబడ్డ గేదెని తన్నితే లేచి గోదారి ఈదేసింది. ఆగిపోయిన లారీని తన్నితే మూడూళ్ళు దాటాక గానీ ఆగలేదు. దాని డ్రైవరు మాత్రం మా అరుగు మీద టీ తాగుతా ఉండిపోయాడు.

నా కూతురి కూతురు నూకరత్నానికి ఆరేళ్ళు. జలుబు చేసి తగ్గిన వారానికి, ఒకరోజు పొద్దున్నే కుంటుకుంటా లేచింది.

"మోకాలు నొప్పి తాతా!"

"ఆసుపత్రికి తీసుకెళ్దాం నాన్నా," అంది నా కూతురు మంగతాయారు.

"ఇంట్లో నా కాలుండగానా? ఊళ్ళో నవ్వుతారే!"

చాప మీద పడుకోబెట్టాను. జనం మూగారు. మోకాలి మీద మూడుసార్లు నా పాదంతో రుద్దాను.

"పోయిందా?"

పిల్ల నా మొహం చూసింది. జనాన్ని చూసింది. "పోయింది తాతా."

"అయితే నడిచి చూపించవే!"

కింది పెదవి కొరుక్కుంటా బోరింగు దాకా నడిచింది. చప్పట్లే చప్పట్లు! మీసం తిప్పాను. కొత్తోళ్ళు వచ్చినప్పుడల్లా మళ్ళీ నడిపించాను. మూడోసారి బోరింగు దగ్గరే కూలబడిపోయింది.

మంగతాయారు పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. ఎనకాలే నేను.

డాక్టరమ్మ మోకాలు వదిలేసి, తొడ పట్టుకుని మెల్లిగా తిప్పింది. పిల్ల కెవ్వుమంది. రక్తం పరీక్ష చేశారు, స్కానింగు తీశారు.

"నొప్పి మోకాల్లో అనిపిస్తోంది గానీ, వాపు తుంటి కీలులో ఉంది," అంది డాక్టరమ్మ. "జలుబు తగ్గాక కొందరు పిల్లలకి ఇలా వస్తుంది. నడిపించకండి, ఈ మందు వెయ్యండి. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరమొచ్చినా, కాలు అసలు కదపలేకపోయినా మాత్రం వెంటనే తీసుకురండి. కీలులో చీము పడితే కాలికే ప్రమాదం. ఇంతకీ ఇంత నొప్పితో ఈ పిల్లని నడిపించిందెవరు?"

తల దించుకున్నాను. నేను, గనిరాజుని!

"ఎవరూ కాదు, నేనే నడిచాను," అంది నూకరత్నం. "నొప్పి పోలేదంటే అందరూ తాతని చూసి నవ్వుతారని."

లారీని తన్నిన కాలిని మెల్లగా బల్ల కిందకి లాక్కున్నాను. కూతురి వైపు చూడలేకపోయాను.

పది రోజులు పిల్లని కింద దించలేదు. ఎత్తుకునే తిప్పాను. "కాలి మహిమేమైంది గనిరాజూ?" అని ఊరోళ్ళు ఎగతాళి చేస్తే నోరెత్తలేదు. పదకొండో రోజు నూకరత్నం దానంతటదే బోరింగు దాకా నడిచొచ్చింది.

"తాతా, ఇప్పుడు నిజంగా పోయింది!"

ఆ "నిజంగా" అన్న మాట ఈ రోజుకీ గుచ్చుకుంటానే ఉంది.

పిల్ల కుంటితే డాక్టరుకి చూపించాలి గానీ, మన గొప్ప నిలబెట్టుకోడానికి పిల్లని నడిపించకూడదు. ఇదే నీతి. కాదు, గనిరాజు పది రోజులు నోరు మూసుకోడం అబద్ధం అంటారా? మా లంకకొచ్చి రుజువు చెయ్యండి చూద్దాం! సాక్ష్యానికి ఆ లారీ డ్రైవరు ఇంకా మా అరుగు మీదే ఉన్నాడు.